ఎదురింటి ఇంజను

"దీనికేం సమాధానం చెప్తావో చెప్పమ్మా, వింటాను."

కొడుకు పత్రికను వంటింటి గట్టు మీద పరిచి అరచేత్తో అదిమిపట్టాడు. అతని ముక్కు కొస ఎర్రబడింది. అతనికి కోపం వస్తే ముందు తెలిసేది ఆ ముక్కుకే.

తల్లి బంగాళాదుంప చెక్కు తీయడం ఆపలేదు. కత్తిపీట వంకే చూస్తూ, "పత్రికలో పడిందా? ఫొటో బాగా వచ్చిందా?" అంది.

పొయ్యి దగ్గర టీ వడకడుతున్న కోడలికి నవ్వొచ్చింది. మొగుడి మొహం చూసి ఆ నవ్వును పెదాల లోపలే ఆపేసింది.

ఫొటో బాగానే వచ్చింది. మోడల్ రైళ్ళ సరదా ఉన్నవాళ్ళంతా నెలనెలా ఎదురుచూసే పత్రిక అది. అందులో అరపేజీ ప్రకటన. ఒక అరచెయ్యి, అరచేతిలో వేలెడంత నల్ల ఇంజను. యార్డుల్లో పెట్టెలు అటూ ఇటూ మార్చే పొట్టి రకం, పొగగొట్టం మాత్రం పొడుగు. కింద పెద్ద అక్షరాలు: 'ఇల్లు చిన్నదైతేనేం, రైలు నడవదా? కొత్త స్కేలులో మొట్టమొదటి ఇంజను మాదే.' దాని కింద కంపెనీ పేరు: 'వదినగారి రైళ్ళు.' చిరునామా సరిగ్గా ఈ ఇంటికి ఎదురుగా, వీధికి అవతల ఉన్న తలుపుది.

"మొట్టమొదటిదట!" అన్నాడు కొడుకు. "చలికాలమంతా వెనక గదికి తాళం వేసుకుని నేను చేయిస్తున్నదేంటి? ఇదే స్కేలు, ఇంతే చిన్న కొలత. ఇదే ఇంజను. వచ్చే నెల ఎగ్జిబిషన్లో మొట్టమొదటిదని బోర్డు కట్టాల్సింది నేను."

"నువ్వు చేయిస్తున్నావని నాతో ఎప్పుడన్నా చెప్పావా?"

"నువ్వు చేస్తున్నావని నాతో చెప్పావా?"

"మూడేళ్ళు చెప్పాను. మన మూరెడు ఇంజన్లు పెట్టుకోడానికి జనాల ఇళ్ళల్లో చోటు లేదురా, చిన్న స్కేలు మొదలుపెడదాం అని మూడేళ్ళు చెప్పాను. నువ్వేమన్నావు? చీమలెక్కే రైళ్ళా అన్నావు. చీమలకే అమ్ముకుందామని ఎదురింట్లో షాపు తెరిచాను."

"అమ్ముకో. వద్దన్నానా? కానీ ఇన్ని వందల రకాల ఇంజన్లుంటే, నీకూ మా అత్తయ్యగారికీ సరిగ్గా ఇదే ఎలా దొరికింది?"

తల్లి కత్తిపీట పక్కకి జరిపింది.

"వెనక గదికి తాళంచెవులు రెండే," అన్నాడు కొడుకు, ఇంతకుముందుకంటే చిన్న గొంతుతో. "ఒకటి నా దగ్గరుంది. రెండోది..."

మాట పూర్తిచెయ్యలేదు. కానీ కళ్ళు పొయ్యి వైపు తిరిగాయి.

ఆ గదిలో చలికాలమంతా కూర్చుని ఇంజనుకు బొమ్మలు గీసింది కోడలే. అచ్చులు దిద్దింది ఆమే. పెళ్ళికి ముందు నుంచీ ఈ కంపెనీలో డిజైనరు ఆమె. ఆ ఎదురింట్లో తన అత్తగారితో కలిసి షాపు తెరిచిన రెండో వదినగారు స్వయానా ఆమెను కన్నతల్లి.

కోడలు టీ గిన్నె దించింది. పొయ్యి కట్టేసింది. కొంగుకో కీచెయినుకో తగిలించుకునే అలవాటు లేని మనిషి కాబట్టి, షెల్ఫులో గాజుసీసా వెనక నుంచి తాళంచెవి తీసి పత్రిక మీద పెట్టింది.

"ఇప్పుడు రెండూ మీ దగ్గరే ఉన్నాయి," అని బయటికి వెళ్ళిపోయింది.

"ఒరేయ్, ఆ అన్న మాట వెనక్కి తీసుకో," అంది తల్లి.

"నేనేమన్నాను? ఏమీ అనలేదే!"

"అదే. అనకుండా అన్నావు. అది ఇంకా పెద్దగా వినిపిస్తుంది."

*

ఎదురింటి షాపు ఒకప్పుడు ఇస్త్రీ దుకాణం. కాల్చిన గుడ్డ వాసన గోడల్లోంచి ఇంకా పోలేదు. ఇస్త్రీ బల్లల మీదే ఇప్పుడు చక్రాలు, పెట్టెల కప్పులు, గింజలంత దీపాలు వరసగా ఆరుతున్నాయి.

కోడలి తల్లి తెల్లకోటు వేసుకుని, నుదుటి మీద భూతద్దం ఎత్తిపెట్టుకుని కూర్చుంది. ఆమె ఉద్యోగమంతా పంటి తొడుగులు పోతపోసే ల్యాబులో గడిచింది. వీధిలో అందరికీ ఆవిడ 'పళ్ళావిడ'. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని సంచీ పట్టుకుని అరటిపళ్ళ కోసం వస్తుంటారు. ఆవిడ నవ్వి, నోరు తెరవమంటుంది.

"అమ్మా, ఒక్కటే అడుగుతాను. నేను గీసిన బొమ్మలు నువ్వు ఎప్పుడన్నా చూశావా?"

పళ్ళావిడ చేతిలోని పట్టకారును కింద పెట్టింది. "ఏమన్నావు?"

"ఆయన నన్ను అనుమానిస్తున్నారు."

"ఆయన సంగతి తర్వాత. నువ్వు నన్ను అడిగావు చూడు, అది చెప్పు ముందు." కళ్ళు చిన్నవి చేసి కూతుర్ని ఎగాదిగా చూసింది. "నోరు చూడకుండా పన్ను చెయ్యలేదే నేను ఎప్పుడూ. ఇంజను చూడకుండా ఇంజను చేస్తానా? నీ గీతలు నాకెందుకు? అసలుదాన్నే వెళ్ళి కొలుచుకొచ్చాం."

"అసలుదాన్నా?"

"పాత యార్డులో తుప్పు పట్టి నిలబడిందే, అది. మీ అత్తగారు ఒక్క అంగలో బాయిలరెక్కింది. నేను కింద దూరాను. పై నుంచి ఆవిడ 'వదినగారూ, టేపు లాగండి' అంటుంది, నేను కింద నుంచి 'వదినగారూ, నా జుట్టు చక్రంలో ఇరుక్కుంది' అంటాను. ఎవరి మాట ఎవరికీ వినపడదు. ఈలోగా యార్డు వాచ్‌మన్ కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, ఎవరు మీరు దిగండి దిగండి అని."

"అప్పుడు?"

"అప్పుడేముంది," అంటూ అత్తగారు గుమ్మంలోంచి లోపలికొచ్చింది. బంగాళాదుంపల పని సగంలో వదిలేసి కోడలి వెనకే వచ్చినట్టుంది, చేతులింకా తడిగా ఉన్నాయి. "దిగుతాను గాని ముందు ఈ టేపు కొస కాస్త పట్టుకో నాయనా అన్నాను. పట్టుకున్నాడు పాపం. సాయంత్రం దాకా పట్టుకున్నాడు. పోయేటప్పుడు మళ్ళీ ఎప్పుడొస్తారమ్మా అని అడిగాడు."

"మీ అత్తగారు నవ్వుతుంటే ఇంజను ఊగింది," అంది పళ్ళావిడ. "నేను కింద ఉన్నాను. ఇవాళ్టితో సరి అనుకున్నాను."

వియ్యపురాళ్ళిద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు. కోడలు ఏడుపు మొహంతో వచ్చింది గాని, ఆ నవ్వు చూస్తూ అలా నిలబడలేకపోయింది. తనూ నవ్వింది. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మేమూ అక్కడికే వెళ్ళాం," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఊళ్ళో చేత్తో తడిమి చూసుకోడానికి ఉన్న ఇంజను అదొక్కటే కదా. నేను కొలతలు రాశాను, ఆయన టేపు పట్టుకున్నారు."

వదినగార్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఏదో అనబోయి మానేశారు.

"అయితే ఆ మాట వెళ్ళి వాడితో చెప్పు, అయిపోతుంది," అంది అత్తగారు.

"నేను చెప్పను అత్తయ్యా. నేను చెప్తే నా మీద పడ్డ నింద నేను తుడుచుకున్నట్టుంటుంది. పడేసింది ఆయన. తుడవాల్సిందీ ఆయనే."

అత్తగారు కోడల్ని కాసేపు తేరిపార చూసింది. "నా కోడలివి అనిపించావు," అంది.

కోడలి చూపు బల్ల మీదున్న ఇంజను మీద పడింది. వద్దనుకుంటూనే చేతిలోకి తీసుకుంది. బాయిలరు మీద రివెట్లు ఒక్కొక్కటీ విడిగా కనపడుతున్నాయి. డ్రైవరు నిలబడేచోట మేకుకి తగిలించిన టీ కెటిల్ కూడా ఉంది, ఆవగింజంత. తన ఇంజనుకు కెటిల్ లేదు. ఆ ఆలోచనే రానందుకు ఆమెకు కడుపు మండింది.

"నాది దీనికంటే బాగా పరిగెడుతుంది," అంది ఇంజను కింద పెట్టేస్తూ.

"చూద్దాంలే," అంది కన్నతల్లి. కూతురనే మొహమాటమేమీ ఆ గొంతులో లేదు.

*

ఆ వారమంతా ఆ ఇంట్లో మాటలు సూటిగా నడవలేదు.

"అమ్మా, చక్కెర డబ్బా ఎక్కడుందో అడుగు," అనేవాడు కొడుకు, పక్కనే ఉన్న భార్యను చూడకుండా.

"అత్తయ్యా, కళ్ళ ముందే ఉందని చెప్పండి," అనేది కోడలు.

"ఒరేయ్, కళ్ళ ముందే ఉందిట," అనేది అత్తగారు. ఆవిడకిది భలే సరదాగా ఉంది. అసలు కొడుకు పోట్లాట పెట్టుకోవాల్సింది తనతో. తను మధ్యవర్తి అయి కూర్చుంది. ఉదయం టిఫిను పెట్టి, "నా పోటీదారుడికి ఇంకో రొట్టె కావాలా?" అని అడిగి, చేతులు కడుక్కుని వీధి దాటి షాపుకెళ్ళేది. అతను కిటికీలోంచి చూసేవాడు. అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు నవ్వుతూ ఉండేవాళ్ళు. కింద తన వర్క్‌షాపులో మాత్రం పనివాళ్ళు కూడా గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

కోడలు పనికి వస్తూనే ఉంది. మోటారు సరిచేసింది, పట్టాల మలుపులు సరిచేసింది. వెనక గది తలుపు బార్లా తెరిచిపెట్టి మరీ చేసింది. అతను ఆ తలుపు ముందు నుంచి రెండుసార్లు నడిచి, గుమ్మం దగ్గర ఆగి, గొంతు సవరించుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళకి గార్డుగారొచ్చారు.

ఆయన రైల్వేలో ఎప్పుడూ పనిచెయ్యలేదు. ఊళ్ళో పెద్ద మోడల్ రైళ్ళ షాపు ఆయనది. మెడలో ఈల వేసుకుని తిరుగుతారు కాబట్టి గార్డుగారయ్యారు. ఏ కంపెనీ రైలైనా ఆయన అద్దాల బీరువాలోకి ఎక్కితేనే ఊళ్ళ మీద పడేది. ఆయన వస్తున్నారని తెలిసి అత్తగారు పళ్ళావిడను కూడా పిలిచింది. అందరూ భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు.

గార్డుగారు కుడి జేబులోంచి ఒక నల్ల ఇంజను తీసి బల్ల మీద పెట్టారు. ఎడమ జేబులోంచి రెండోది తీసి దాని పక్కన పెట్టారు.

"బాబుగారూ, మీరు పంపింది చూశాను. అమ్మగారూ, మీది చూశాను. రెండూ బంగారంలా ఉన్నాయి. రెండూ నాకొద్దు."

తల్లీకొడుకులు ఒకేసారి, "ఎందుకని?" అన్నారు. అన్నాక ఒకరినొకరు చూసుకుని మొహాలు తిప్పుకున్నారు.

"ఇదిగో, ఇందుకని." ఆయన రెండు ఇంజన్లనూ దగ్గరికి తోసి, కొక్కేలు ఒకదానికొకటి తగిలించబోయారు. ఒక కొక్కెం ఎత్తుగా ఉంది, రెండోది దాని మోకాలి దగ్గరుంది. "కొనేవాడు బాబుగారి దగ్గర ఇంజను కొని, అమ్మగారి దగ్గర పెట్టెలు కొంటాడు. ఇంటికెళ్ళి తగిలిస్తే తగులుకోవు. మర్నాడు పొద్దున్నే షట్టరు తీసేసరికి నా నెత్తిన కూర్చుంటాడు. ఇంకోటి చెప్పనా? పెద్ద కంపెనీ వాళ్ళు కూడా ఈ స్కేల్లోకి దిగుతున్నారు. ఎండలు ముదిరేలోపు వస్తారని విన్నాను. వాళ్ళొచ్చేలోపు మీరు ఒక్క కొక్కెం మీద నిలబడితే జనం మీతో ఉంటారు. లేదంటే వాళ్ళ కొక్కెమే లోకానికి కొక్కెం. మీ ఇద్దరివీ అటక మీదికే."

పెద్ద కంపెనీ పేరు వినగానే బల్ల దగ్గర అందరి చేతులూ ఆగాయి.

"అయితే మా కొక్కెమే పెట్టుకుందాం," అన్నాడు కొడుకు వెంటనే. "చూడ్డానికి సన్నగా ఉంటుంది, అసలు రైలుదానిలా."

"మాది పెట్టుకుందాం," అంది తల్లి. "పట్టుకుంటే వదలదు."

"నీ సంగతి నాకు తెలీదా!"

"నీది చూడ్డానికే బాగుంటుంది. ఆ సంగతీ నాకు తెలుసు."

గార్డుగారు ఈల నోట్లో పెట్టుకుని చిన్నగా ఊదారు. "పట్టాలు పరవండి. అదే తేలుస్తుంది."

ప్లేట్లు తీసేశారు. భోజనాల బల్ల మీద పట్టాలు గుండ్రంగా పరిచారు. ఇదివరకు వీళ్ళు చేసే రైలు తిరగాలంటే గదిలో సామానంతా బయట పెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు బల్ల మీద ఊరికి ఊరే పట్టేటట్టుంది. పచ్చడి జాడీ పక్కనుంచి, నీళ్ళ కూజా చుట్టూ పట్టాలు తిరిగి వచ్చాయి. పోట్లాటలో ఉన్నా అందరూ కుర్చీల్లోంచి ముందుకి వంగారు.

ముందు కొడుకు రైలు. ఇంజను గొప్పగా కదిలింది, నునుపుగా, చప్పుడు లేకుండా. కోడలు పెదవి కొరుక్కుంది. ఆ నడక ఆమెది. కానీ కూజా దగ్గర మలుపు తిరగ్గానే చివరి పెట్టె కొక్కెం జారి విడిపోయింది. రైలు ముందుకెళ్ళిపోయింది. పెట్టె కూజాకి ఆనుకుని నిలబడిపోయింది.

"పాపం, దానికి విశ్రాంతి ఇచ్చినట్టున్నావు," అంది తల్లి.

తర్వాత వదినగారి రైలు. కాస్త ఇబ్బందిపడుతూ, తడబడుతూ వెళ్ళింది గాని ఒక్క పెట్టె కూడా జారలేదు. పళ్ళావిడ చప్పట్లు కొట్టింది. రైలాగింది. ఇంజను విడదీయమన్నారు గార్డుగారు. అత్తగారు లాగింది. రాలేదు. ఊపి లాగింది. పళ్ళావిడ కూడా రెండో వైపు నుంచి పట్టుకుంది. ఇద్దరూ కలిసి లాగేసరికి పెట్టెలన్నీ పట్టాలు తప్పి బల్ల మీద బోర్లాపడ్డాయి, కొక్కేలు మాత్రం విడలేదు.

"వదలదన్నావుగా," అన్నాడు కొడుకు. అతని ముక్కు ఎర్రగా లేదు, నవ్వు ఆపుకోలేక పెదాలు అదురుతున్నాయి.

గార్డుగారు ముందు నవ్వారు. తర్వాత పళ్ళావిడ. తర్వాత అందరూ.

నవ్వు తగ్గాక కొడుకు, "అమ్మా, విశ్రాంతి అన్నావేంటి ఇందాక?" అని అడిగాడు.

తల్లి బోర్లాపడ్డ పెట్టె ఒకటి తీసి నిలబెట్టింది. "నువ్వు కంపెనీ చేతిలోకి తీసుకున్న రోజున, అందరి ముందూ అన్నావు. అమ్మ చాలా కష్టపడింది, ఇక విశ్రాంతి తీసుకుంటుంది అని. నన్ను అడగలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను." ఇంకో పెట్టె నిలబెట్టింది. "ఇదేరా నా విశ్రాంతి. ఆ ఎదురింట్లో రోజూ తీసుకుంటున్నాను. ఇంత సుఖంగా నేనెప్పుడూ లేను."

కొడుకు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. తల్లి నిలబెట్టిన పెట్టెల వరసను వేలితో సరిచేశాడు.

"పోనీలే అమ్మా," అని మాట మార్చబోయాడు. "కానీ ఇంజను సంగతి మాత్రం నాకింకా..."

"ఇంజను సంగతా?" అంది పళ్ళావిడ. ఇక ఆగలేనట్టు అత్తగారి వైపు చూసింది. "చెప్పెయ్యమంటారా వదినగారూ?"

"చెప్పెయ్యండి."

"అల్లుడుగారూ, మేము యార్డులో కొలతలు తీస్తుంటే వాచ్‌మన్ అన్నాడు, ఈమధ్యే ఒక జంట కూడా వచ్చి ఇలాగే కొలుచుకుపోయారమ్మా అని. ఎలా ఉంటారని అడిగాం. ఆ అబ్బాయి ఇంజను ముందున్న బఫరుకి గుద్దుకున్నాడమ్మా, నుదుటి మీద ఇంత బొప్పి కట్టింది, నేనే నీళ్ళిచ్చాను అన్నాడు."

కొడుకు చెయ్యి తనకు తెలియకుండానే నుదుటి మీదికి వెళ్ళింది.

"ఆ రోజు ఏమైందిరా అని అడిగాను," అంది తల్లి. "తలుపు తగిలిందన్నావు. నా కడుపున పుట్టినవాడివి, నాకు ఏ తలుపు తగిలిందో తెలీదా? నువ్వూ అదే చేస్తున్నావని వాచ్‌మన్ మాటతో అర్థమైంది. అందుకే నీకంటే ముందు ప్రకటన వేయించాను. మాకు చెప్పింది నీ పెళ్ళాం కాదు. నీ బొప్పి చెప్పింది."

గార్డుగారికి సంగతేమిటో తెలియదు గాని, కిటికీ వైపు తిరిగి బయటి వీధిని శ్రద్ధగా చూడసాగారు.

కొడుకు భార్య కోసం చూశాడు. ఆమె కుర్చీ ఖాళీగా ఉంది.

*

కోడలు అదే గదిలో ఓ మూల కిటికీ దగ్గర చిన్నబల్ల ముందు కూర్చునుంది. రెండు రకాల కొక్కేలూ ఆమె ముందున్నాయి. తల్లి సంచీలోంచి పళ్ళకు కట్టే సన్నని తీగ చుట్ట తీసుకుని, పట్టకారుతో వంచుతోంది. రైళ్ళు తిరుగుతున్నప్పుడే ఆమెకు తోచింది. ఒకదానికి పట్టు లేదు, ఇంకొకదానికి విడుపు లేదు. పట్టేదీ విడిచేదీ ఒకటే అయితే? వంచినచోట తీగ కాస్త ఊగితే?

అతను వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆమె తల ఎత్తలేదు.

"మా అమ్మని పిలవనా, మధ్యలో కూర్చోబెట్టుకోడానికి?" అన్నాడు.

"అక్కర్లేదు. వినపడుతోంది."

"ఆ రోజు నేను నోటితో అనలేదు," అన్నాడు. గొంతు తగ్గించలేదు. బల్ల దగ్గర అందరికీ వినపడేలా అన్నాడు. "మనసులో అనుకున్నాను. అది ఇంకా తప్పు. చలికాలమంతా నా పక్కన కూర్చుని పనిచేసిన మనిషిని ఒక్క ప్రకటన చూసి అనుమానించాను. నీ ముందు తలెత్తలేక వారం రోజులు చక్కెర డబ్బా వెతుక్కున్నాను. నన్ను క్షమించు."

ఆమె చేతిలో తీగ ఆగింది. తీగను అతని వైపు జరిపి, "ఆ చివర కాస్త పట్టుకోండి," అంది. "వణక్కుండా."

అతను పట్టుకున్నాడు. ఆమె తీగకు ఆఖరి వంపు ఇచ్చింది, అలాంటిదే రెండోదీ చేసింది.

బల్ల దగ్గరికొచ్చి ఒక కొక్కెం మొగుడి ఇంజనుకూ, ఒకటి అత్తగారి పెట్టెకూ జిగురుతో అంటించింది. ఆరేదాకా పళ్ళావిడ కొంగుతో విసిరింది. అప్పుడు ఇంజనును మెల్లగా పెట్టె వైపు నడిపింది. టిక్ అని చిన్న చప్పుడు. తగులుకుంది. రైలు కూజా చుట్టూ తిరిగింది, జాడీ పక్కనుంచి వెళ్ళింది, మలుపులో కాస్త ఊగింది గాని వదల్లేదు. ఆగాక గార్డుగారు వేలికొసతో కొక్కేన్ని అలా పైకి ఎత్తారు. విడిపోయింది.

గార్డుగారు ఈల అందుకుని గట్టిగా ఊదారు. చెవులు చిల్లులు పడ్డాయి. పళ్ళావిడ కూతుర్ని వాటేసుకుంది. అత్తగారు రైలును మళ్ళీ నడిపించింది, మళ్ళీ, మళ్ళీ.

"మొత్తానికి మా డిజైనరు తేల్చింది," అన్నాడు కొడుకు పొంగిపోతూ. "మా కంపెనీ కొక్కెం."

"ఆ తీగ ఎవరిది బాబూ?" అంది పళ్ళావిడ. "మా షాపుది. మా తీగ, మా కొక్కెం."

"గీసింది మా ఉద్యోగి అత్తయ్యగారూ."

"కన్నది నేను!"

"ఆగండి," అంది కోడలు. "ఇవాళ ఆదివారం. ఆదివారం నేను ఎవరి ఉద్యోగినీ కాను." తల్లి వైపు తిరిగింది. "తీగకి తీగ కొనిస్తాను. ఈ కొక్కెం నాది. ఇద్దరికీ ఇస్తాను, ఎవరడిగితే వాళ్ళకిస్తాను. ఇంజన్లు మీరూ మీరూ చేసుకోండి, కావలసినంత పోట్లాడుకోండి. కెటిల్ ఎవరిది బాగుందో, పరుగు ఎవరిది బాగుందో జనం చూసుకుంటారు. కొక్కేలూ పట్టాలూ మాత్రం నేను చేస్తాను. విడిగా."

"విడిగా అంటే?" అన్నాడు మొగుడు.

"విడిగా అంటే మూడో కంపెనీ," అంది అత్తగారు. మొహం చాటంత అయింది. "ఒరేయ్, నీ డిజైనరు పోయింది."

అతను భార్య కళ్ళల్లోకి చూశాడు. అక్కడ వారం రోజులుగా లేని వెలుగు కనిపించింది. దానికోసం డిజైనరును పోగొట్టుకున్నా ఫరవాలేదనిపించింది గాని, ఆ మాట వెంటనే ఒప్పుకోబుద్ధి కాలేదు.

"వెనక గది అద్దెకిస్తాను," అన్నాడు.

"పక్కవీధిలో ఇంకో గది చూసుకుంటాను," అంది ఆమె నవ్వుతూ. "మీ ఇద్దరి మధ్యా కాకుండా."

"పేరు చెప్పమ్మా ముందు," అన్నారు గార్డుగారు చొక్కా జేబులోంచి పెన్ను తీస్తూ. "అట్టపెట్టె మీద ఏం వెయ్యాలి? నేను రేపే..."

వీధి తలుపు బెల్లు మోగింది.

కొడుకు వెళ్ళి తలుపు తీశాడు. మెట్ల మీద ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో పూలగుత్తి, రెండో చేతిలో పత్రిక, అదే పేజీ దగ్గర మడిచి ఉంది. కోటు జేబు మీద ఎర్ర చక్రం గుర్తు, పెద్ద కంపెనీది. ఆ గుర్తు తెలియని రైళ్ళవాళ్ళు ఏ ఊళ్ళోనూ ఉండరు. గార్డుగారి చేతిలోంచి పెన్ను జారి బల్ల మీద పడింది.

"నమస్కారమండీ," అన్నాడు వచ్చినాయన. "ఎదురింటికి వెళితే తాళం వేసుంది. ఇక్కడ అడగమన్నారు. మా కంపెనీ పెద్దలు ఆవిడతో వెంటనే మాట్లాడి, కుదిరితే నాతో తీసుకురమ్మన్నారు." లోపలికి తొంగిచూసి, బల్ల మీద తిరుగుతున్న రైలును చూసి ఒక్క క్షణం మాట మర్చిపోయాడు. "రైళ్ళు చేసే అమ్మగారు ఈ ఇంట్లోనే ఉంటారటగా. ఎవరండీ ఆవిడ?"

బల్ల దగ్గర మూడు కుర్చీలు ఒకేసారి వెనక్కి జరిగాయి. ముగ్గురు ఆడవాళ్ళూ ఒకేసారి లేచి నిలబడ్డారు.